నీళ్ళు తోడేసిన డాక్‌లో ఓడ

ఓడలు కట్టడం మన విశాఖవాసులకు కొత్త గాదు. 1948లో ‘జలఉష’ నీళ్ళలోకి దిగిన ఊరు గదా! అయితే కట్టిన ఓడను మళ్ళీ ఎప్పుడు పైకి తీసి చూడాలి, ఆ పని ఎలా సాగుతుంది అనే సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. నిజానికి అందులోని భౌతిక, రసాయన శాస్త్రాలు బి.యస్సీ. చదివే మనకు తెలిసినవే.

డ్రైడాక్ అంటే ఒడ్డున కట్టిన పెద్ద కాంక్రీటు తొట్టి అనుకోండి. ఓడను లోపలికి తెచ్చి, గేటు మూసి, పంపులతో నీళ్ళు తోడితే అది ముందే పేర్చిన దిమ్మల మీద కూర్చుంటుంది. మన హిందుస్థాన్ షిప్‌యార్డు డ్రైడాక్ పొడవు 244 మీటర్లు, వెడల్పు 38 మీటర్లు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సరకు ఓడ అడుగుభాగాన్ని ఐదేళ్ళలో రెండుసార్లు పరీక్షించాలి. రెండింటి మధ్య 36 నెలలు దాటరాదు.

ఓడ డాక్‌లో ఉన్నన్నాళ్ళూ యజమానికి రాబడి లేదు సరిగదా, డాక్‌కు రోజువారీ అద్దె ఎదురు కట్టాలి. మా గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తియ్యాలన్నా, లాకు తలుపులు బాగుచెయ్యాలన్నా ఆ కొద్ది వారాలే గతి. అప్పుడు సిమెంటు కోసం వెతుక్కునేవాడి పని ఏమవుతుందో రైతులకు చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. ఓడ సముద్రం మీద ఉండగానే, నెలల ముందు నుంచీ, ఏ వాల్వు కారుతోంది, ఏ రేకు పలచబడింది అని ఇంజనీర్లు జాబితా రాస్తారు. దాన్ని బట్టి యార్డుల దగ్గర ధరలు అడుగుతారు, విడిభాగాలు తెప్పిస్తారు. ఎంత రాసినా కొన్ని విప్పితేగాని తెలియవు. అందుకే తెలిసినవాళ్ళు కొంత డబ్బు, కొన్ని రోజులు చేతిలో ఉంచుకుంటారు. సముద్రపు నీటి వాల్వులను మొదటిరోజుల్లోనే విప్పుతారు. చెడిందని చివర్లో తెలిస్తే కొత్తది ఎక్కడ దొరుకుతుంది?

అసలు గండం నీళ్ళు తోడేటప్పుడే ఉంది. ఓడ వెనుకభాగం కాస్త లోతుగా ఉంటుంది గనుక ముందు అదే దిమ్మకు తగులుతుంది. దిమ్మ పైకి తోసే బలం, ఓడ అడుగునుంచి అంత బరువు తీసేసినట్లే పనిచేస్తుంది. గరిమనాభి పైకి జరిగినట్లయి స్థిరత్వం తగ్గుతుంది. ఓడ పొడవునా కూర్చోకముందే అది మరీ తగ్గిపోతే పక్కకు ఒరుగుతుంది. కాబట్టి వెనుక వాలు తక్కువగా ఉంచి, ట్యాంకులు వీలైనంత వరకు నిండుగానో ఖాళీగానో ఉంచుతారు. నిండుకుండ తొణకదన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

తరువాత రసాయనశాస్త్రం. అడుగున బిగించిన జింకు దిమ్మలు ఉక్కుకన్నా ముందు తాము కరిగి దాన్ని కాపాడతాయి, అరిగినవి మారుస్తారు. అంటుకున్న బార్నకిల్స్ గీకి కొత్త పెయింటు వేస్తారు. అవి పేరుకుంటే ఓడ ఈడ్చుకుపోతూ ఎక్కువ నూనె తాగుతుంది. పూర్వం ఆ పెయింట్లలో తగరపు విషం కలిపేవారు. సముద్రజీవులకు హాని అని 2008లో అమల్లోకి వచ్చిన ఒప్పందం దాన్ని నిషేధించింది. రేకు ఉష్ణోగ్రత మంచుబిందువు కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉంటేనే పెయింటు వెయ్యాలి. మన సముద్రతీరపు తేమలో ఇది చిన్న చిక్కు గాదు.

మూసి ఉన్న ట్యాంకుల్లో తుప్పు ఆక్సిజన్‌ను తినేస్తుంది. పల్లెల్లో పాడునూతిలో దిగేముందు దీపం దింపి చూస్తారు. ట్యాంకులో మండే వాయువులు ఉండవచ్చు గనుక ఇక్కడ దీపం కూడదు, మీటరే కావాలి. ముందు దిగినవాడు పడిపోతే రెండోవాడు ఆలోచించకుండా దిగడం, ఇద్దరూ పోవడం నూతుల్లోనూ ఓడల్లోనూ జరిగినవే. గాలి పరీక్షించి, రాతపూర్వక అనుమతి ఇచ్చి, బయట ఒక మనిషిని కాపలా పెట్టాకే దింపాలి. ఆ గంటసేపు ఆలస్యాన్ని నష్టంగా లెక్కవేసే మేనేజరుకు ఈ పని తగదని నా ఉద్దేశం.

పనులయ్యాక ట్యాంకుల్లో బరువులు వచ్చినప్పటిలాగే సర్దుతారు. అడుగున విప్పిన ప్లగ్గుల లెక్క సరిపోవాలి. నీళ్ళు వాల్వుల మట్టానికి రాగానే ఆపి, ఇంజన్ రూంలో టార్చిలైట్లతో ప్రతి వాల్వు కిందా తడి ఉందేమోనని చూస్తారు. పొడిగా ఉంటేనే మిగతా నీరు వదులుతారు.