వైరస్ వేషం మార్చితే పట్టేదెలా?



2021 వేసవిలో మీరు పంపిన సొమ్ముతో మనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు పెట్టాం, జనాజాలు మోశాం. ఆ రోజుల్లో మన ఇళ్లను తాకింది డెల్టా వేరియంట్. మన దేశంలో 2020 అక్టోబరులో తీసిన నమూనాల్లోనే దాని జాడ ఉంది. జాడ ఉండటం వేరు, దాన్ని సకాలంలో చదవగలగడం వేరు.

చదవడం అంటే ఇదీ. కరోనా వైరస్ జన్యుక్రమం సుమారు 30 వేల అక్షరాల చిన్న పుస్తకం. ఒంట్లో తన నకళ్లు తీసుకుంటున్నప్పుడు అక్కడక్కడ అక్షరం తప్పుతుంది. చాలా తప్పులతో ఏమీ కాదు. కొన్ని మాత్రం వైరస్‌కు వేగంగా పాకే బలాన్నిస్తాయి. పాజిటివ్ వచ్చిన స్వాబుల్లో కొన్నింటిని ఎంచి, మొత్తం పుస్తకం చదివి, 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు వెల్లడించిన తొలి ప్రతితో పోల్చుతారు. ఒకే రకం మార్పులు ఎక్కడ, ఎప్పుడు పెరుగుతున్నాయో చూస్తే వ్యాప్తి దారి తెలుస్తుంది. మన దేశంలో ఈ పని కోసం 2020 డిసెంబరులో 10 ప్రయోగశాలలతో ఇన్సాకాగ్ ఏర్పడింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అందులో ఉన్నాయి.

ఒమిక్రాన్ కథ మనసులో పెట్టుకోదగ్గది. 2021 నవంబరులో బోట్స్‌వానా, దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు స్పైక్ ప్రొటీన్‌లోనే 30కి పైగా మార్పులున్న వైరస్‌ను గుర్తించారు. దక్షిణాఫ్రికా 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపింది, 26న దానికి పేరు పెట్టారు. ప్రతిఫలంగా వాళ్లకు దక్కింది ఏమిటి? విమానాల నిషేధం! తీరా చూస్తే, నెదర్లాండ్స్‌లో 19న తీసిన నమూనాలోనే అది ఉందట. నిజం ముందుగా చెప్పినవాడికి శిక్ష వేస్తే, రేపు చెప్పేదెవరు?

ఇది మనకూ తెలిసిన బాధే. 2020లో మన పేటల్లో ఎందరో పరీక్షకు వెళ్లడానికి జంకారు. ఒక్కరికి పాజిటివ్ వస్తే వీధికంతటికీ నింద. స్వాబు రాకపోతే ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా చదవడానికి ఏమీ ఉండదు.

ఆ వెలితిని కొంత పూడ్చింది మురుగునీరు. 2020లోనే సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు వెతికి, నగరంలో ఎందరికి సోకి ఉంటుందో అంచనా కట్టారు. ఆ నీటిలోనే వేరియంట్లనూ గుర్తించవచ్చు. పరీక్షకు రానివారి వైరస్ కూడా అందులో లెక్కకొస్తుంది; ఏ ఇంటిదో, ఎవరిదో మాత్రం బయటపడదు.