కిందపడిన బండి: ముందు చూడాల్సింది గీతలు కాదు

ప్రశ్న: గేటు దగ్గర ర్యాంపు మీంచి దించుతుంటే బైక్ కుడివైపు పడిపోయింది. ముందు బ్రేక్ లివర్ వంగింది, హ్యాండిల్ కాస్త పక్కకు తిరిగింది. నడపొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. లివర్‌ను చేత్తో లాగి సరిచేయకండి. అది అల్యూమినియం పోత. వెనక్కి వంచితే కంటికి ఆనని పగులు పడి, గట్టిగా బ్రేక్ పట్టిన రోజున విరగొచ్చు. కొత్తదే వేయించండి.

హ్యాండిల్ వంగకపోయినా, ఫోర్కులు క్లాంపుల్లో మెలి తిరిగితే అలాగే కనిపిస్తుంది. బోల్టులు వదులుచేసి సరిచేయడం మెకానిక్ పని. ఈలోగా పెట్రోలు కారుతోందేమో, ఇంజిన్ ఆయిల్ తగ్గిందేమో చూడండి. హ్యాండిల్ ఎటు తిప్పినా యాక్సిలరేటర్ వదలగానే దానంతటదే వెనక్కి రావాలి.

ఒక్క లివర్ కోసం ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయకండి. నో క్లెయిమ్ బోనస్ పోతుంది; మొదటి ఏడాదికే అది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం.