ఐవీఎఫ్‌కు కొలమానం: చేతికందిన బిడ్డ

1978లో ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టాక ఐవీఎఫ్‌కు అదనపు హంగులెన్నో చేరాయి. వాటిని తూచాల్సింది ప్రకటనలతో కాదు, పుట్టిన బిడ్డలతో. పిండం బాగా అంటుకుంటుందంటూ గర్భాశయం లోపొరను సన్నని గొట్టంతో గీరే పద్ధతినే చూడండి. 1,364 మంది మహిళలతో జరిపిన అంతర్జాతీయ ప్రయోగ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. గీరించుకున్నవారిలోనూ, గీరించుకోనివారిలోనూ సజీవ జననాలు 26.1 శాతమే. అంటే ఆ నొప్పి, ఆ ఖర్చు రెండూ వృథా!

ఇక వయసు సంగతికొస్తే, వైద్యం చేయగలిగినప్పుడు చట్టం ఎందుకు అడ్డుపడాలని కొందరు అడుగుతారు. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో డెబ్భై దాటిన మహిళకు దాత అండంతో కవలలు పుట్టిన మాట నిజమే. అయితే ఆ వయసు గర్భంలో రక్తపోటు, గుండె ముప్పు ఎక్కువ; బిడ్డల్ని పెంచే ఏళ్లు తక్కువ. కాబట్టి 2021 ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం పెట్టిన వయోపరిమితి (మహిళకు 50, పురుషుడికి 55) సబబే. అదే చట్టం ప్రకారం అండదాత వయసు 23–35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే దానం చేయాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు.

డబ్బున్నవారికే చికిత్స దక్కుతోందన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనది. విశాఖ వన్ టౌన్‌లోని ఘోషా ఆసుపత్రి వంటి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో, రుజువైన సంతాన చికిత్సలు పేదలకు ఉచితంగా అందేలా ప్రభుత్వం చూడాలి.