మొరిగే కుక్క కరవదా?

కొయ్యూరు అనగానే ఎవరికైనా 1924 మే 7వ తేదీ గుర్తుకు రావాలి. అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన ఊరు మాది. అటువంటి ఊరి నుంచి వచ్చినవాడు సావనీరుకు వ్యాసం ఇస్తానంటే మన్యం పితూరీ గురించి రాస్తాడని మిత్రులు అనుకోవడం సహజమే. తీరా కుక్క గురించి అనేసరికి నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, వారిలో నలుగురి ఇళ్లలో కుక్కలున్నాయని, నలుగురూ వాటితో ఏదో ఒక తిప్పలు పడుతున్నారని ఆ సాయంత్రమే తేలింది. ఒకరి కుక్క రాత్రంతా మొరుగుతుంది. ఒకరిది చెప్పులు బతకనివ్వదు. ఇంకొకరిది ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మం దాటనివ్వదు. నాలుగోది కరిచింది. ఆ నాలుగోది మాదే.

కుక్కను గురించి మనవాళ్లు చెప్పుకునే మాటలు చాలా ఉన్నాయి. కుక్క తోక వంకర అంటారు. మొరిగే కుక్క కరవదంటారు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటారు. విశ్వాసానికి కుక్కను మించినది లేదంటారు, మళ్లీ ఎవరినైనా తిట్టాలంటే ఆ పేరే వాడతారు. నేను మనస్తత్వశాస్త్రం విద్యార్థిని. పావ్లోవ్ కుక్క గురించి పరీక్షలో పదిహేను మార్కులకు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. కాని మా ఇంటి కుక్క ఎందుకు కరిచిందో చెప్పమంటే ఆ రోజున నోరు పెగల్లేదు. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి పుట్టింది.

ముందు జరిగింది చెప్పాలి. మా కుక్క పేరు నల్లడు. ఊరకుక్కే, గుండెల మీద తెల్ల మచ్చ ఉంటుంది. తాతయ్య బతికున్న రోజుల్లో పొద్దున్నే ఆయన వెనకే జీడిమామిడి తోటకు పోయేది, పొద్దు వాలాక ఆయన వెనకే వచ్చేది. దాని మెడకు తాడన్నది ఎరగదు. తాతయ్య పోయారు. తరువాత మేము పెంకుటిల్లు తీసి శ్లాబు వేయించాం, ప్రహరీ కట్టాం, గేటు పెట్టాం. గేటుకు తగినట్టు కుక్కకు గొలుసు కొన్నాం. ఏడాది తిరిగేసరికి నల్లడు పగలూ రాత్రీ మొరగడం మొదలెట్టింది. అన్నం గిన్నె దగ్గరకు ఎవరైనా వెళితే గుర్రుమనేది. గుర్రుమన్నప్పుడల్లా చిన్నాన్న కర్ర తీసేవాడు. కొన్నాళ్లకు గుర్రుమనడం మానేసింది. దారికొచ్చిందనుకున్నాం. ఆ వేసవిలో మా చిన్నాన్న కూతురు, ఆరేళ్ల పిల్ల, ముద్దు చేద్దామని చెవి పట్టుకుంది. చప్పుడు లేకుండా చెయ్యి కరిచింది.

ఇక్కడ ఆగి, మొరిగే కుక్క సంగతి చూద్దాం. కుక్కకు కరవడమన్నది చివరి మాట. అంతకు ముందు అది చాలా మాటలు చెబుతుంది. ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఆకలి లేకపోయినా మూతి నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఇవన్నీ 'నన్ను వదిలెయ్యి' అనడమే. అప్పటికీ వదలకపోతే ఒళ్లంతా బిగబట్టి కదలకుండా నిలబడుతుంది. తరువాత గుర్రుమంటుంది, తరువాత గాలిలో నోరు కొడుతుంది, ఆ తరువాత గదా కాటు! తోక ఊపినంత మాత్రాన స్నేహమని కూడా అనుకోరాదు. తోక నిక్కబొడిచి బిర్రుగా ఊపడం వేరు, నడుముతో సహా ఒళ్లంతా ఊపడం వేరు. కాబట్టి మొరిగే కుక్క కరవదన్న సామెత నమ్మదగింది కాదు. మొరిగేదీ కరుస్తుంది, అయితే ముందు చెప్పి కరుస్తుంది. గుర్రుమన్నందుకు కొడితే కుక్కకు కోపం పోదు, చెప్పడం పోతుంది. మేము చేసింది అదే. కర్రతో దాని నోరు మూయించాం, పళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

పాఠంలోకి వద్దాం. ఇవాన్ పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్కల లాలాజలాన్ని కొలుస్తూండగా, తిండి నోటికి అందకముందే, తిండి తెచ్చే మనిషి అలికిడికే వాటికి నోరూరడం ఆయన గమనించాడు. దానినే మనం శాస్త్రీయ నిబంధనం అని చదువుకుంటున్నాం. గొలుసు చప్పుడు వినగానే మా నల్లడు ఒళ్లు ముడుచుకోవడం కూడా ఆ కోవలోనిదే. రెండోది ఎడ్వర్డ్ థార్న్‌డైక్ చెప్పిన ఫలిత నియమం. ఆయన 1898లో పిల్లులను పెట్టెల్లో పెట్టి చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఏ పనికి మంచి ఫలితం దక్కుతుందో ఆ పని మళ్లీ జరుగుతుంది. పోస్టుమాన్ గేటు దగ్గరకు వస్తాడు, కుక్క మొరుగుతుంది, పోస్టుమాన్ ఉత్తరం ఇచ్చి వెళ్లిపోతాడు. ఆయన ఎలాగూ వెళ్లేవాడేనని మనకు తెలుసు. కుక్క లెక్కలో మాత్రం తాను మొరగడం వల్లనే వెళ్లాడు. ఏడాదికి మూడొందల రోజులు ఇలా గెలిచే కుక్కను 'ఊరుకో' అని కేకలేస్తే ఊరుకుంటుందా? పైగా మన కేక కూడా దానికి తోడు మొరిగినట్టే వినిపిస్తుందేమో!

ఇంకో చిక్కుంది. భోజనాల దగ్గర కుక్క అరిస్తే ముద్ద వేస్తాం. నాలుగు రోజులు గట్టిగా ఉండి వెయ్యం. అయిదో రోజు అరుపు మరీ ఎక్కువవుతుంది. విసుగొచ్చి వేసేస్తాం. దీంతో కుక్క నేర్చుకున్నదేమిటి? అయిదు రోజులు అరవాలని. పునర్బలనం ఆపినప్పుడు ప్రవర్తన ముందు పెరిగి తరువాత తగ్గుతుందని, అప్పుడప్పుడు మాత్రమే దొరికే ఫలితం అలవాటును మరింత గట్టిపరుస్తుందని స్కిన్నర్ పాఠంలో చదివినవాళ్లం, ఇంటి వాకిట్లో మరిచిపోతాం. అందుకే ఇంటిల్లిపాదీ ఒక్కమాట మీద ఉండకపోతే ఏ శిక్షణా నిలవదు. అమ్మ వద్దంటే మామ్మ పెడుతుంది. కుక్కకు ఆ సంగతి అందరికంటె ముందు తెలుస్తుంది.

శిక్ష సంగతీ అంతే. పొద్దున కొరికిన చెప్పుకు సాయంత్రం ఇంటికొచ్చి కొడితే, కుక్క ఆ రెంటినీ కలుపుకోలేదు. పిలిస్తే వచ్చినందుకు కొట్టారనుకుంటుంది. ఆ మర్నాటి నుంచి పిలిచినా రాదు. తల దించుకుని తోక ముడుచుకోవడం చూసి 'తప్పు తెలుసుకుంది' అంటాం గాని, అది మన ముఖం చూసి పడిన భయం. కుక్కకు యజమానే నాయకుడని, దాన్ని అణచి ఉంచాలని కొందరు పెద్దలు చెబుతారు. ఈ మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ల మీద రాసినది. 1970లో డేవిడ్ మీచ్ పుస్తకం ఆ భావాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆ మీచే అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశాడు. తన పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తలను కోరాడు కూడా. పెద్దవాడు తన మాట తప్పని ఒప్పుకోవడం అరుదు గనుక ఇది చెప్పదగిన విషయమే.

మరి కుక్క తోక వంకర సంగతేమిటి? పుట్టుకతో వచ్చిన గుణం మారదనా? అమెరికాలో బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో పుస్తకం వేశారు. జాతి ప్రభావం ఉంది, కాదనలేం. దానితోపాటు పిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక కీలకమైన కాలం ఉందని వారు గుర్తించారు. ఆ రోజుల్లో చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, వాసనలు దానికి జీవితాంతం మామూలైపోతాయి. చూడనివి భయపెడతాయి. 1961లో అక్కడే జరిగిన మరో ప్రయోగంలో, పద్నాలుగు వారాలు మనిషి పొడ తగలకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత అడవి జంతువుల్లా దగ్గరకు రానివ్వలేదు.

దీన్ని మన పంచాంగంలో పెట్టి చూడండి. చిత్తకార్తె కుక్కలన్న మాట ఊరకే రాలేదు. చిత్తకార్తె అక్టోబరులో వస్తుంది. చూలు సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు నెల మధ్య నుంచి పిల్లలు పుడతాయి. మూడో వారం సంక్రాంతికి, పన్నెండో వారం శివరాత్రి వెళ్లాక వస్తాయి. కుక్కపిల్ల తలరాత చాలావరకు ఆ రెండు పండగల నడుమనే రాసేస్తారన్నమాట. మనం ఏం చేస్తున్నాం? సంక్రాంతి నాటికే, నెల కూడా నిండకుండానే, తల్లి నుంచి లాక్కొచ్చి గుంజకు కట్టేస్తున్నాం. తోడి పిల్లలతో ఆడుతూ, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పో నేర్చుకునే వయసది. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచాలి. తెచ్చాక టీకాలు వేయిస్తూ, చంకనెత్తుకుని అయినా సరే సైకిలు, గొడుగు, గడ్డం తాత, బడిపిల్లలు, అన్నీ చూపించాలి. విశాఖలో ఫ్లాట్లలో లాబ్రడార్ పిల్లలను కొని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా తాళం వేసి పోయేవారికి సోఫాలు చిరగడం ఒక సమస్య. అది అల్లరి కాదు, ఎక్కువసార్లు ఒంటరితనపు దిగులు, తోచకపోవడం.

మన ఊరకుక్క ఎందుకూ పనికిరాదని, జాతికుక్కే మంచిదని ఒక భ్రమ ఉంది. కోల్‌కతాలోని ఐసర్‌లో అనిందిత భద్ర గారి బృందం వీధికుక్కల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది. 2017లో వారు ప్రచురించిన దాని ప్రకారం, కొత్త మనిషిని నమ్మడానికి వీధికుక్కకు తిండి కంటె తల నిమరడమే ఎక్కువ పని చేసింది. మన హాస్టల్ మెస్ వెనక ఇడ్లీ విసిరేవారు ఇది గమనించాలి. విసిరేవారే సాయంత్రం రాయి కూడా విసురుతారు, ఆ కుక్కకు ఏది నమ్మాలో తెలియదు. విద్యాసంస్థల ఆవరణల నుంచి వీధికుక్కలను షెల్టర్లకు తరలించమని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అది పెద్ద చర్చ, ఇక్కడ దించను.

కాటు సంగతి మాత్రం తేలిగ్గా పోనివ్వరాదు. పాప చెయ్యి చూసి మా ఇంట్లో ఒకరు సున్నం తెచ్చారు, ఒకరు పసుపు, కారం తెచ్చారు. సున్నం రాశాం కూడా. ఆసుపత్రిలో నర్సు గారు మమ్మల్ని తిట్టి, ముందు అదంతా కడిగించారు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడమే మొదటి వైద్యం. ఆకు పసరు, కారం, కట్టు ఏవీ వద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు, కాని వేళకు టీకా వేస్తే రాకుండా ఆపవచ్చు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతకాలపుది. గొర్రె మెదడుతో చేసే ఆ సెంపుల్ టీకాను మన దేశంలో 2004 చివరికే ఆపేశారు. ఇప్పుడు పాపకు వేసినట్టు చేతి చర్మంలోకి 0, 3, 7, 28 రోజులలో ఇస్తారు. రక్తం వచ్చేటంత గాయమైతే దానితోపాటు గాయంలోకి ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. టీకా మాత్రం ఆ పది రోజుల కోసం ఆపరాదు.

ఆ పది రోజులూ మా ఇంట్లో వాదనే. చింతపల్లి ఘాట్ ఎక్కించి వదిలేద్దామని చిన్నాన్న. ఆయన కూతురి చెయ్యి, ఆయనను తప్పు పట్టలేం. మామ్మ ఒక్కర్తే అడ్డం పడింది. "మీ అయ్య పోయినకాడి నుంచి దాన్ని గుంజకి కట్టీసారు. నన్నలాగ కట్టీస్తే నానూ కరుస్తాను" అంది. పుస్తకాలు చదివిన నాకంటె ముందు కారణం చెప్పింది ఆవిడే. సగం కారణం మాత్రమే. మిగతా సగం నర్సీపట్నంలో పశువుల డాక్టరు గారు చూపించారు. మూతికి గుడ్డ కట్టి చెవి తిప్పి చూస్తే లోపల పిడుదులు, పుండు, చీము. పాప పట్టుకున్నది ఆ చెవే. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు ఒంట్లో నొప్పి వెతకాలని ఆయన అన్న మాట మా మానసిక శాస్త్రం నోట్సులో లేదు. నేను తరువాత మార్జిన్‌లో రాసుకున్నాను.

చెవి మానడానికి నెల పట్టింది. గొలుసు రాత్రికి మాత్రమే అనుకున్నాం. పొద్దున్నే మామ్మ తోటకు తీసుకుపోవడం మొదలెట్టింది. గిన్నె సంగతి నాకు వదిలేశారు. ముందు అల్లంత దూరం నుంచి నడిచి పోతూ ఒక ఎండుచేప ముక్క దాని వైపు వేసేవాణ్ణి, ఆగేవాణ్ణి కాదు. రోజుకు ఒక అడుగు దగ్గర. ఒళ్లు బిగబట్టిందంటే మర్నాడు రెండడుగులు వెనక్కి. మనిషి వస్తే గిన్నె పోదు, చేప వస్తుందని దానికి తెలియాలి. ఎండుచేప అయ్యే ఖర్చు గురించి మామ్మ సణిగింది గాని ఆపలేదు. మూడు వారాలకు నేను పక్కన నిలబడినా తింటూనే ఉంది. నాకు అలవాటు పడింది గదా అని అందరికీ పడ్డట్టు కాదు, చిన్నాన్నతో మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. పిల్లలకు మాత్రం తినే కుక్కను, పడుకున్న కుక్కను ముట్టకూడదని ఇంట్లో నియమం పెట్టాం. చుట్టాల పిల్లలొస్తే దాన్ని వెనక పెరట్లోనే ఉంచుతారు. అది పూర్తిగా మారిందని నేను అనను. గేటు దగ్గర కొత్తవాళ్లను చూస్తే ఇప్పటికీ గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు ఇప్పుడు ఎవరూ కర్ర తీయరు, పిలిచి లోపలికి తీసుకుపోతారు.

మొన్న ఫోను చేస్తే చిన్నాన్నే తీశాడు. జీడి పిక్కలు ఏరే రోజులు, మామ్మకు మోకాళ్ల నొప్పులని తానే నల్లణ్ణి తోటకు తీసుకుపోతున్నాడట. పాప ఇంకా దాని దగ్గరకు పోదు. అరుగు మీద నుంచి చపాతీ ముక్క విసిరి, అది తోక ఊపేలోగా లోపలికి పరిగెత్తి తలుపు వేసుకుంటుందట.