ఈటె – సంకెల

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని ఆర్నెంలాండ్ యోల్ంగు ఆదివాసుల మాతృభూమి. 1931లో ప్రభుత్వం ఆ నేలను ఆదివాసుల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అయినా సముద్రసంపదను ఆశించిన బయటివారి రాక ఆగలేదు.

1932లో కాలెడన్ అఖాతం వద్ద అయిదుగురు జపాను జాలరులు యోల్ంగుల చేతిలో హతులయ్యారు. నిందితులను బంధించడానికి డార్విన్ నుండి పోలీసు దళం బయలుదేరింది. 1933 ఆగస్టులో ఆ దళం ఉడా దీవిలో కొందరు స్త్రీలను పట్టుకొని బేడీలు వేసింది. వారిలో ధాకియార్ అనే యోల్ంగు పెద్ద భార్య కూడా ఉంది. ఆ దీవిలోనే కానిస్టేబుల్ మెక్‌కాల్ ఈటెపోటుకు మరణించాడు.

ప్రతీకారంగా సాయుధ బలగాన్ని పంపాలని అధికారులు తలపెట్టారు. 1928లో కోనిస్టన్ ప్రాంతంలో పోలీసుల దాడులకు ఎందరో ఆదివాసులు బలైన సంగతిని ప్రజలు మరువలేదు. నిరసనలు వెల్లువెత్తగా ఆ ప్రయత్నం ఆగిపోయింది. మిషనరీలు వెళ్ళి నచ్చజెప్పగా ధాకియార్ వారి వెంట డార్విన్‌కు వచ్చాడు.

1934లో అక్కడి న్యాయస్థానం, అతనికి తెలియని భాషలో విచారణ జరిపి, మరణశిక్ష విధించింది. విచారణ న్యాయబద్ధంగా సాగలేదని అదే ఏడాది నవంబరులో ఆస్ట్రేలియా హైకోర్టు ఆ శిక్షను రద్దుచేసింది. విడుదలైన ధాకియార్ మాత్రం ఇల్లు చేరలేదు. అతడేమయ్యాడో నేటికీ తేలలేదు.

2003లో డార్విన్ న్యాయస్థానంలో ఉభయ కుటుంబాలవారూ కలుసుకొని, యోల్ంగు సంప్రదాయానుసారం శాంతికర్మ జరుపుకొన్నారు. న్యాయస్థానపు తీర్పు ప్రాణాన్ని శిక్ష నుండి తప్పించగలిగింది. మనసుల్లోని గాయాన్ని మాన్పడానికి మాత్రం డెబ్బై ఏండ్లు పట్టింది.

ప్రశ్నలు
1. ధాకియార్ శిక్షను హైకోర్టు ఎందుకు రద్దుచేసింది?
2. ‘ఈటె – సంకెల’ అనే శీర్షిక ఔచిత్యాన్ని వివరించండి.