కొఱ్ఱచేను - మారుచున్న వానలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి వాన తప్పుట క్రొత్త సంగతి కాదు. సుంకేసుల యొద్ద తుంగభద్రనుండి బయలుదేరు కర్నూలు-కడప కాలువ అప్పటికే తవ్వబడియున్నను, 1876-78 నాటి మహాక్షామము కర్నూలు మండలమును విడిచిపెట్టలేదు. ఇప్పుడు మనము గమనింపవలసినది, ఎండయు వెల్లువయు ఒకే యేట వచ్చుట. 2009లో నైరృతి ఋతుపవనములు దేశమున సగటుకంటె నూటికి 22 పాళ్లు తక్కువ వర్షము నిచ్చెను. ఆ ఋతువు ముగిసిన రెండు దినములకే తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచెను. 2019 సెప్టెంబరులో మహానంది క్షేత్రములోనికే వరదనీరు వచ్చెను.

ఒక్క వరదను చూపి యిది శీతోష్ణస్థితి మార్పు చేసిన పనియే యనుట శాస్త్రమర్యాద కాదు. కాని మార్పునకు కారణము తెలిసినదే. నేలబొగ్గును, పెట్రోలును మండించుటచే బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుచున్నది. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి నూటికి సుమారు 7 పాళ్లు అధికముగా నీటియావిరిని మోయగలదు. అట్టి గాలి నేల తడిని త్వరగా లాగివేయును. కురిసినపుడు ఒక్కుమ్మడిగ కురియును.

ఇట్టి కాలమున ఉత్త ధైర్యవచనములు రైతునకు అక్కరకు రావు. అక్కరకు వచ్చునది మన యూరనే కలదు. 1906లో స్థాపితమైన నంద్యాల వ్యవసాయ పరిశోధనస్థానము 'సూర్యనంది' యను కొఱ్ఱ రకమును వెలువరించినది. అది 70-75 దినములలో పంటకు వచ్చును. సోనా వరికి దాదాపు ఐదు నెలలు పట్టును. జూనులో వాన మొగము చాటేసినను, జూలై నడుమ కొఱ్ఱ విత్తినవాడు సెప్టెంబరు కడపట కోయవచ్చును. మఱియొక గుణము. కొఱ్ఱ, జొన్న, సజ్జ మొక్కలు బొగ్గుపులుసు వాయువును ఆకులలో కూడబెట్టుకొను నేర్పు గలవి. కావున ఆకులందలి సూక్ష్మరంధ్రములను కొంచెము తెరచియే పని జరుపుకొని, నీటిని పొదుపుగా వాడును. వరికి ఈ నేర్పు లేదు. మన అవ్వలు ఈ శాస్త్రము చదువకయే కొఱ్ఱన్నము వండిరి, దంచలేక మానిరి. ఆ దంపుడు కష్టము నిప్పుడు మరలు తీసికొన్నవి. ఇక ధర నిలకడగా నుండవలెను. అది లేనిచో కొఱ్ఱ వేయుమని రైతునకు చెప్పుట న్యాయము కాదని మా యభిప్రాయము.

కొఱ్ఱ కఱవునకు ఓర్చునే కాని వేడిని ఆపజాలదు. ఆపుటకు నేలబొగ్గు వాడుక తగ్గవలెను. గడివేముల, ఓర్వకల్లు మండలములలోని గని, శకునాల గ్రామముల యొద్ద 2017లో ఏర్పడిన వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము ఆ దారిలోనిదే. మనల నింతకాలము మాడ్చిన యెండయే అచ్చట దీపములు వెలిగించుచున్నది.

విద్యార్థులు చేయదగిన పని యొకటి చెప్పెదము. నిలువు గోడలు గల పాత్ర నొకదానిని చెట్టునీడయు చూరునీరును తగులని చోట నిలిపి, జూను మొదలు దినదినము ఉదయము ఎనిమిదిన్నరకు నీటిలోతును మిల్లీమీటర్లలో కొలిచి వ్రాయుడు. ఒక మిల్లీమీటరు వాన ఎకరమునకు నాలుగువేల లీటర్లకు పైబడిన నీరు. ఎన్నాళ్లు వరుసగా సున్న వచ్చెనో, ఏ దినమున ఒక్కసారిగా కురిసెనో ఎఱ్ఱసిరాతో గుర్తించి, ఆ పుస్తకమును పైతరగతికి పోవునపుడు క్రిందితరగతివారి కప్పగింపుడు. నంద్యాల లెక్కను ఆళ్లగడ్డ లెక్కతో సరిచూచినచో, ఏ పొలమున ఏ వారమున విత్తవలెనో రైతులతో మాటలాడుటకు మనయొద్ద అంకెలుండును.