ఎముక అతికినంక కండ సంగతి

చెయ్యి విరిగితే పిండికట్టు వేస్తారు. కట్టు విప్పినంక చెయ్యి సన్నగా ఉంటుంది. కదలిక లేక కండ తగ్గుతుంది.

డి విటమిన్ తక్కువైతే ఎముకకు కాల్షియం సరిగా అందదు, కండలూ బలహీనపడతాయి. అది ఎండ చర్మానికి తగిలితే తయారవుతుంది. అద్దం కిటికీ వెనుక కూర్చుంటే కాదు. ఇంటికాడ చేన్లల్ల తిరిగేవాళ్లం. కొంపల్లిలో ఎండ ఉంది గాని మనం రోజంతా గదుల్లోనే ఉంటున్నాం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో రోజుకు 600 యూనిట్లు కావాలని చెప్పింది. 60,000 యూనిట్ల గోలీ డాక్టరు చెప్పినన్ని వారాలే వేసుకోవాలి. ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి. గోలీ ఒక్కటే కండ పెంచదు. డాక్టరు చూపిన వ్యాయామం, పప్పు, గుడ్డు కూడా కావాలి.

వార్డెన్ మేడమ్ గారూ, కట్టు విప్పిన పిల్లలను మధ్యాహ్నం కాసేపు ఎండలో కూర్చోనివ్వండి.